పాచిపని ఎవరిది?

పాచి అన్న మాట మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి తెలిసినంతగా మగవాళ్ళకి తెలియదని నా నమ్మకం. లేచి మొహం కడుక్కోకపోతే పాచిమొహం. పళ్ళు తోముకోకపోతే పాచినోరు. తెల్లారి ఊడ్చి నీళ్ళు చల్లకపోతే పాచివాకిలి. రాత్రి తిన్న గిన్నెలు పొద్దుటికి పాచి అంట్లు. వీటన్నిటినీ శుభ్రం చేసే పనికి పేరు పాచిపని. బావిగట్టు మీదా, నీళ్ళతొట్టి గోడకీ పట్టే ఆ పచ్చటి జారుడుది కూడా పాచే. ఇన్నిటికీ మనవాళ్ళు ఒకే మాట వాడడం నాకు సబబుగానే అనిపిస్తుంది. నిన్నటిది ఇవాళ తియ్యకపోతే మిగిలేదే పాచి.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, పోయిన వేసవిలో నేను రెండు నెలల పాటు ఒక ఈత కొలనుతో కాపురం చేసి వచ్చాను. మా ఎస్.ఆర్. నగర్‌లో కాదు లెండి. ఇక్కడ మాకున్నవి సంపూ, డాబా మీద నల్ల ట్యాంకులూ. కానీ మా పక్కనే అమీర్‌పేట ఉంది కదా. మైత్రివనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్చుకుంటూ మా వీధుల్లో హాస్టళ్ళలో ముగ్గురేసి ఒక గదిలో పడుకున్న పిల్లలు ఇవాళ టెక్సాస్‌లో ఇళ్ళు కొంటున్నారు. డాలస్ పక్కన ఫ్రిస్కో అని ఊరుంది, కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరు. అక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళితే చాలాచోట్ల పెరట్లో పూల్ ఉంటుంది. గృహప్రవేశం ఫొటోల్లో పాలు పొంగించిన గిన్నె తర్వాత ఫొటో అదే. మా అల్లుడు కూడా ఆ హాస్టళ్ళలోంచి వెళ్ళినవాడే, మా అమ్మాయి వాళ్ళింట్లోనూ ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. పూల్ ఉన్న ఇల్లు కొనాలా వద్దా అన్నది డబ్బు లెక్క ఒక్కటే కాదు. దాని పాచిపని రోజూ ఎవరు చేస్తారో ముందు తేలాలి. ఆ చేసే మనిషి సరే అంటేనే కొనాలి. వద్దంటే ఆ మాటే ఆఖరి మాట కావాలి.

నేను వెళ్ళింది మా అమ్మాయి రెండో కాన్పుకి. పాప పుట్టిన రెండో వారంలో పూల్ పచ్చబడింది. సోమవారం నీళ్ళు కొంచెం మందగించినట్టు కనిపించాయి, బుధవారానికి లేత పెసర రంగు, శనివారానికి గోంగూర పులుసు. అక్కడి ఎండ మన మే నెల ఎండకేమీ తీసిపోదు. నలభై డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అంత వేడిలో పాచికి పండగే.

మా అల్లుడు మంచివాడు, పనిమంతుడు. వెంటనే కారేసుకుని పూల్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్ళాడు. వాళ్ళు నీళ్ళు పరీక్ష చేసి ఒక సీసా ఇచ్చారు. అది పోశాడు. రెండు రోజులు రంగు తగ్గి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళితే ఇంకో సీసా, దానితో పాటు పొడి సంచులు నాలుగు. అలా రెండు వారాల్లో మూడు వందల డాలర్ల దాకా అయింది. గ్యారేజీలో సీసాలు వరసగా నిలబడ్డాయి గానీ నీళ్ళలో రెండో మెట్టు కనపడలేదు. "ఈ పాచి చాలా మొండిది అత్తయ్యగారూ, ఏం చేసినా పోవట్లేదు" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర.

అప్పుడు మా అమ్మాయి, పాపకి పాలిస్తూ, తలెత్తకుండా, "నాలుగేళ్ళుగా రోజూ పోతూనే ఉందిగా" అంది.

ఆ ఒక్క మాటతో సంగతి బయటపడింది. నాలుగేళ్ళుగా పెద్దాణ్ణి డేకేర్‌లో దింపి వచ్చి, తన ఆఫీసు మీటింగులు మొదలయ్యేలోపు, ఆ పిల్ల రోజూ పది నిమిషాలు పూల్ దగ్గర గడుపుతోంది. స్కిమ్మర్ బుట్టలో ఆకులు తియ్యడం, నీళ్ళు పరీక్ష చెయ్యడం, తగ్గిందనిపిస్తే ద్రవం క్లోరిన్ పొయ్యడం, వారానికి రెండుసార్లు గోడలు బ్రష్‌తో రుద్దడం. మా అల్లుడికి ఇది తెలియదు. అంటే చూడలేదని కాదు, చూసే ఉంటాడు, పని కింద లెక్కెయ్యలేదు. అడుగున పాకే రోబో చీపురు ఉంది, నీళ్ళలో తేలే క్లోరిన్ బిళ్ళల డబ్బా ఉంది, వాటివల్లే నీళ్ళు నీలంగా ఉంటున్నాయని ఆయన అనుకున్నాడు. మన వంటింటి గట్టు దానంతటదే తుడుచుకుపోతుందని చాలామంది అనుకుంటారు కదా, అలాగే.

ఇక అసలు పాచి సంగతి. దీన్ని నాకు వివరంగా చెప్పింది అదే వీధిలో ఉండే ఒక విజయవాడ అమ్మాయి. బాలింతని చూడడానికి వచ్చి, పెరటి వైపు ఒకసారి చూసి, "ఆంటీ, మీ ఇంట్లో సైన్యూరిక్ యాసిడ్ ఎంతుందో ఎవరైనా చూశారా?" అంది. పసుపు కుంకుమ తీసుకుని వెళ్ళి, అరగంటలో చుక్కల మందుల పెట్టె ఒకటి పట్టుకుని తిరిగొచ్చింది.

పాచికి కావలసినవి వెలుతురు, తిండి, కదలని నీళ్ళు. మన ట్యాంకులు నల్లగా ఉండేది అందుకే, లోపలికి వెలుతురు పోకూడదని. మూత పగిలిన ట్యాంకులో చూడండి, ఎండ పడే వైపు గోడకే పచ్చదనం ముందు పడుతుంది. పూల్‌కి మూత వేసుకుని కూర్చోలేం, వెలుతురు ఆపలేం. తిండి విషయానికొస్తే, నత్రజని, భాస్వరం ఎక్కడున్నా పాచికి విందే. పక్కనే పచ్చిక బయలు, దానికి చల్లే ఎరువు, వాన పడితే అది కొట్టుకొచ్చి నీళ్ళలోకి. మన హుస్సేన్ సాగర్‌కి జరిగింది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. 1562లో తవ్వించిన చెరువులోకి కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా మన ఇళ్ళ మురుగునంతా ఏళ్ళ తరబడి మోసుకొచ్చి పోశాయి. ఎండాకాలం ఆ పక్కనించి వెళితే ముక్కు మూసుకునేది మనమే, దానికి తిండి పెట్టిందీ మనమే.

పూల్‌లో వీటన్నిటినీ అడ్డుకునేది క్లోరిన్ ఒక్కటే. దాని కష్టం ఏమిటంటే ఎండకి ఆగదు, ఏ రక్షణా లేకపోతే కొన్ని గంటల్లోనే ఆవిరైనట్టు మాయమైపోతుంది. అందుకని గొడుగు పట్టినట్టు సైన్యూరిక్ యాసిడ్ అనేదాన్ని కలుపుతారు. స్టెబిలైజర్ అని అమ్మేది దాన్నే. లీటరుకి 30 నుంచి 50 మిల్లీగ్రాములుంటే చాలంటారు. అయితే ఆ తేలే డబ్బాలో వేసే బిళ్ళల్లో క్లోరిన్‌తో పాటు ఇదీ కలిసే ఉంటుంది. బిళ్ళల ద్వారా క్లోరిన్ 10 పెరిగినప్పుడల్లా ఇది 6 పెరుగుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, ఇది పోదు. ఎండకి పోదు, ఫిల్టర్‌కి పోదు. పోగుపడుతూనే ఉంటుంది. గొడుగు మరీ పెద్దదైతే కింద నిలబడ్డ మనిషి చెయ్యి కూడా కదపలేడు చూడండి, అలా క్లోరిన్ ఉండీ పనిచెయ్యదు. పరీక్షలో అంకె బాగానే చూపిస్తుంది, పాచి హాయిగా పెరుగుతుంది.

ఆ అమ్మాయి అడుగున నల్లచుక్క ఉన్న సన్నటి గొట్టంలో మసక నీళ్ళు పోస్తూ, చుక్క ఎక్కడ కనపడకుండా పోతుందో చూడమంది. తొంభై దగ్గరే పోయింది. అంతకంటే ఎక్కువే ఉండొచ్చంది. మా అమ్మాయికి ఈ సంగతి తెలుసు, అందుకే తను బిళ్ళలు ఏడాదికి నాలుగైదు మాత్రమే వాడి, మిగతా అంతా ద్రవం క్లోరిన్ పోసేది. తను మంచం మీద ఉన్న నెల రోజుల్లోనూ, అంతకు ముందు నిండు నెలల్లోనూ, సులువని మా అల్లుడు డబ్బా నిండుగా బిళ్ళలు పేర్చాడు. పైగా షాపు పొడి సంచుల్లో కూడా అదే సరుకు.

దీన్ని తగ్గించడానికి మందు లేదు. సగం నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పొయ్యాలి. వాళ్ళ పూల్ 15,000 గ్యాలన్లు, సుమారు 57 వేల లీటర్లు. మన జలమండలి 5,000 లీటర్ల ట్యాంకర్ లెక్కలో పదకొండు ట్యాంకర్ల పైమాటే. అందులో సగం పారబోస్తుంటే, ట్యాంకర్ కోసం వేసవిలో మెట్ల మీద కూర్చున్నదాన్ని, నాకు కడుపులో ఎలాగో అయింది. మొత్తం మాత్రం ఖాళీ చెయ్యకూడదట. నేలలో నీటి ఊట ఎక్కువుంటే ఖాళీ తొట్టి పడవలాగా పైకి లేస్తుందట. మన బావులకి ఇలాంటి బెడద లేదు గదా అనుకున్నాను.

తర్వాత పీహెచ్. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా ఉంటే, 8కి వెళ్ళేసరికి ఆ చురుకు నాలుగోవంతుకి పడిపోతుంది. కాబట్టి ముందు దాన్ని 7.2 దగ్గరికి దించి, అప్పుడు క్లోరిన్ పోశారు. వాళ్ళ పూల్‌కి 10 శాతం ద్రావణం ఒక గ్యాలన్ పోస్తే లీటరుకి ఆరున్నర మిల్లీగ్రాములు పెరుగుతుంది. 20 దాకా పెంచి, అది పడిపోకుండా రోజుకి మూడుసార్లు చూసి మళ్ళీ పోస్తూ ఉండాలి. పంపు ఇరవైనాలుగు గంటలూ నడవాలి. రోజూ గోడలూ, మెట్ల మూలలూ, నిచ్చెన వెనకా, దీపం అంచులూ బ్రష్‌తో రుద్దాలి. ఎందుకంటే పాచి పైన జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, ఆ పొర చీలితే గానీ క్లోరిన్ లోపలికి దిగదు. జిడ్డు మూకుడు నానబెట్టి వదిలేస్తే పోతుందా? పీచు పట్టి తోమాల్సిందే. రుద్దే పని పొద్దున్న నేనూ, రాత్రి మా అల్లుడూ చేశాం. ఆ పొడుగు కర్ర పట్టుకుని పట్టాపట్టా లాగడం నడుముకి మంచి వ్యాయామం, అంతకు మించి దానిలో ఆనందమేమీ లేదు.

ఇక్కడ ఒక మాట, పూల్ లేని వాళ్ళక్కూడా. పీహెచ్ తగ్గించే యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, ఒకే మగ్గుతో కూడా పొయ్యకూడదు. విషవాయువు పుడుతుంది. మన బాత్‌రూముల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే యాసిడ్ పోసి, తలుపేసుకుని కడిగే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. మనమే చెయ్యం, పనమ్మాయి చేత చేయిస్తాం. ఆమె దగ్గుతూ బయటికొస్తే "ఘాటు ఎక్కువుందమ్మా" అంటుంది. అది ఘాటు కాదు, వాయువు. దయచేసి మానెయ్యండి.

మూడో రోజుకి ఆకుపచ్చ పోయింది. నీళ్ళు గంజిలాగా తెల్లగా, మసగ్గా మారాయి. మా అల్లుడు ఊపిరి పీల్చుకుని, "అయిపోయింది, ఇక ఫిల్టర్ చూసుకుంటుంది" అని పంపు ఎప్పటిలాగా ఎనిమిది గంటలకి మార్చబోయాడు. విజయవాడ అమ్మాయి ఫోన్‌లోనే ఆపింది. అందరూ ఆపేసేది సరిగ్గా ఇక్కడేనట. చచ్చిన పాచి వల్ల నీళ్ళు తెల్లబడతాయి, బతికిన పాచి ఇంకా ఆ తెలుపులోనే ఉంటుంది. అయిందో లేదో తెలుసుకోవడానికి రాత్రి పరీక్ష ఒకటుంది. పొద్దుగుంకాక క్లోరిన్ కొలవాలి, మళ్ళీ పొద్దు పొడవకముందే కొలవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి క్లోరిన్ తగ్గడానికి ఎండని తప్పు పట్టలేం. ఒకటి కంటే ఎక్కువ తగ్గిందంటే లోపల దాన్ని తింటున్నది ఇంకా బతికే ఉన్నట్టు. మూడో రాత్రి ఏడు తగ్గింది. అయిదో రాత్రి నాలుగు. ఎనిమిదో రాత్రికి అర.

రంగు చూసి కాకుండా అంకె చూసి ఆపడం అన్నది నాకు ఆ మొత్తం వ్యవహారంలో నచ్చిన సంగతి. మొండి పాచి అంటూ వేరే జాతి ఏదీ పెద్దగా లేదు. నీడ గోడలకి పసుప్పచ్చగా పట్టేది ఒకటుంది, సిమెంటులోకి వేళ్ళు దిగినట్టు నల్లటి చుక్కలుగా పట్టేది ఇంకొకటుంది. ఆ నల్లది నిజంగానే కష్టం, ఇనప బ్రష్ పెట్టాల్సిందే. మిగతాదంతా మధ్యలో వదిలేసిన పనే. మనం దాన్ని మొండిదంటున్నాం.

సీసాల గురించి కూడా చెప్పాలి. వాటిలో ఒకటి రాగి మందు. ఇదేమీ కొత్త విద్య కాదు, చెరువుల్లో పాచికి మైలుతుత్తం వాడొచ్చని 1904లోనే అమెరికా వ్యవసాయశాఖ వాళ్ళు పరీక్షించి పుస్తకం వేశారు. మన రైతులు తెగుళ్ళకి సున్నంతో కలిపి కొట్టేదీ అదే మైలుతుత్తం. పనిచేస్తుంది, కానీ రాగి నీళ్ళలో ఉండిపోయి గోడలకి మరకలు వేస్తుంది. ఈత కొట్టిన తెల్లపిల్లల జుట్టు పచ్చగా మారేది కూడా దాని వల్లేనట. మన పిల్లల నల్ల జుట్టులో తెలియదు గాబట్టి మనకి చింత లేదు! ఇంకో సీసా నీళ్ళు తేటపరిచేది. మా అమ్మమ్మ కృష్ణ నీళ్ళ బిందెలో పటిక ముక్క తిప్పేది, అదే సూత్రం. పటిక మట్టిని అడుక్కి దించుతుంది, పాచిని చంపదు. బతికున్న పాచి మీద అది పొయ్యడం డబ్బులు నీళ్ళలో పొయ్యడమే, అక్షరాలా.

ఇంత హైరానా ఎందుకు, చలికాలం దాకా అలా వదిలెయ్యొచ్చుగా అని నా స్నేహితురాలు ఫోన్‌లో అడిగింది. వదలకూడదు. మా మనవడికి నాలుగేళ్ళు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి అన్నిటికంటే పెద్ద కారణం నీట మునగడమే అని వాళ్ళ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. నీలం నీళ్ళలో పిల్లాడు పడితే కిటికీలోంచి కనిపిస్తాడు. పచ్చ నీళ్ళలో పడితే రెండడుగుల లోతులో ఉన్నా కనపడడు, దూకినవాళ్ళకి కూడా దొరకడు. ఆ మూడు వారాలూ పెరటి తలుపుకి పైన గొళ్ళెం తియ్యనివ్వలేదు నేను. వాడు గాజు తలుపుకి ముక్కు ఆనించి "అమ్మమ్మా, కప్ప చూద్దాం" అంటే, కప్ప పడుకుందని చెప్పాను రోజూ.

దోమలు సరేసరి. 2007లో కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ ఉన్న కెర్న్ కౌంటీలో అప్పులు కట్టలేక జనం ఇళ్ళు వదిలి వెళ్ళిపోతే, వెనక పూల్స్ పచ్చబడి దోమల కుంటలై, వెస్ట్ నైల్ జ్వరాలు పెరిగాయి. పైనించి ఫొటోలు తీసి పచ్చ పూల్స్ లెక్కపెట్టారు. డాలస్‌లో 2012లో అదే జ్వరం పెద్ద ఎత్తున వస్తే విమానాలతో మందు చల్లారు. అంటే ఒకింటి పాచి ఆ ఒక్కింటిదే కాదు. మా సంపు మూత తెరిచి ఉంటే పక్క ఫ్లాట్ పాపకి డెంగీ రావడం లాంటిదే.

సరే, పాచి పోయింది. ఆ తర్వాత జరిగిన మాటలే నాకు ముఖ్యం.

మా అల్లుడు నెలకింత అని ఒక మనిషిని పెట్టేద్దాం అన్నాడు. పెట్టొచ్చు. కానీ ఆ మనిషి వచ్చేది వారానికోసారి. నలభై డిగ్రీల ఎండలో పాచికి మూడు రోజులు చాలు. మధ్యలో ఆరు రోజులు ఆ బుట్ట ఎవరు తీస్తారు, క్లోరిన్ ఎవరు చూస్తారు? ఇంట్లో వంటమనిషి ఉన్నా ఉప్పు అయిపోయిందని గుర్తుపెట్టుకునేది ఎవరు? అదే ప్రశ్న. పని మనిషికి ఇవ్వగలం, ఆ పని గురించిన ధ్యాస ఇవ్వలేం. ఆ ధ్యాస ఎవరి బుర్రలో ఉంటుందో వాళ్ళదే అసలు పని అని నేనంటాను.

"బాబూ, ఈ ఇల్లు చూసినప్పుడు పూల్ కావాలన్నది ఎవరు?" అని అడిగాను.

"నేనే అత్తయ్యగారూ. చిన్నప్పుడు మా ఊరి కాలవలో ఈదేవాళ్ళం. పిల్లలకి ఉండాలనిపించింది."

ఆ కోరికలో తప్పేముంది? నాకు ముచ్చటేసింది కూడా. కానీ కోరిక ఒకరిది, పది నిమిషాలు ఇంకొకరివి. నాలుగేళ్ళ పది నిమిషాలు కలిపితే రెండువందల నలభై గంటల పైన. మా అమ్మాయి ఆ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని తర్వాత వంటింట్లో అడిగితే, "పది నిమిషాల పనికి పంచాయితీ ఏంటమ్మా అనిపించింది" అంది. మన పనులన్నీ పది నిమిషాలవే కదా. పాలు కాచడం పది నిమిషాలు, బట్టలు మడతపెట్టడం పది నిమిషాలు, అత్తగారికి ఫోన్ పది నిమిషాలు. విడివిడిగా దేన్ని చూపించి గొడవపడినా మనమే చిన్నబుద్ధి వాళ్ళలా కనిపిస్తాం. పాచి పడితే ఊరంతా చూస్తుంది, పట్టనివ్వకుండా ఉంచిన రోజు చూడడానికి ఏమీ ఉండదు.

కొందరు చదువరులు దీనికి ఒప్పుకోరని తెలుసు. "మగవాళ్ళు బయటి పనులు చేస్తారు, లెక్కలు కడతారు, పచ్చిక కోస్తారు, అన్నిటికీ తూకం వేస్తారా" అంటారు. వెయ్యమనే నేను చెప్పేది. మా అల్లుడు పచ్చిక కోస్తాడు, నిజమే. శనివారం పొద్దున్న, చెవుల్లో పాటలు పెట్టుకుని, పక్కింటాయన "బాగుంది" అనేలా. అది వారానికోసారి చేసే, అందరికీ కనిపించే పని. రోజూ చెయ్యాల్సిన, కనపడని పని ఇంకో రకం. గంటలు సమానంగా ఉన్నా ఈ రెండూ సమానం కావు. రోజూ ఉండేది మనిషిని కట్టేస్తుంది. అయిదు రోజులు ఊరెళ్ళాలంటే పచ్చిక గుర్తురాదు, పూల్ గుర్తొస్తుంది.

ఆ మధ్య మా కాలనీలో పాత ఇల్లు కూల్చి అయిదంతస్తులు లేపుతున్న ఒకాయన, డాబా మీద చిన్న పూల్ పెట్టిస్తున్నానని సంబరంగా చెప్పాడు. ఘనమీటరు నీళ్ళు టన్ను బరువు, ఇంజనీరుని అడిగారా అన్నాను. అడిగాడట, స్తంభాలు లావు చేశారట. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. ఆవిణ్ణి అడిగారా అని నేను అడగలేదు గానీ, ఆవిడ నా వైపు చూసిన చూపు చూస్తే ఎవరూ అడగలేదని తెలిసింది. ఇంటికెళ్ళి ఫోన్ చేసి, ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. వద్దనమని చెప్పలేదు. కావాలంటే ఆయన చేత రాత్రి పరీక్ష నేర్పించుకోమన్నాను.

ఫ్రిస్కోలో ఇప్పుడు ఏర్పాటు ఇలా ఉంది. బిళ్ళల డబ్బా తీసేశారు. పూల్ మొత్తం మా అల్లుడి పని, "సాయం" కాదు, ఆయన పనే. చుక్కల పెట్టె ఆయనే కొన్నాడు. మా అమ్మాయి గుర్తుచెయ్యకూడదని ఒప్పందం. ఇదే దానికి చాలా కష్టమైపోయింది, పచ్చగా కనిపిస్తే నోరు ఊరుకోదు. మొదటి నెలలో రెండుసార్లు మర్చిపోయాడు, ఒకసారి మెట్ల మూలన పచ్చబడింది కూడా. అయినా అది నోరు మెదపలేదు, ఆయనే చూసుకుని ఆయనే రుద్దుకున్నాడు. రోజూ రాత్రి మా కుటుంబం గ్రూపులో అంకెలు పెడతాడు. నిన్నటిది: క్లోరిన్ 5, పీహెచ్ 7.6, బుట్టలో ఆకులు నిండుగా, ఒక కప్ప, బతికే ఉంది, గోడ అవతల వదిలాను. మా వియ్యపురాలు దానికి దండం బొమ్మ పెట్టింది. మా అమ్మాయి మాత్రం చూసినట్టు లేదు, అప్పటికి నిద్రపోయి ఉంటుంది.